గోడకు వేసిన కుర్చీ

మామయ్య మీద అల్లుడి ఫిర్యాదులు చెప్పుకోవాలంటే బాత్రూము తలుపు దగ్గర మొదలుపెట్టాలి. తెల్లారి నడకకు వెళ్ళివచ్చిన పెద్దమనిషి తిన్నగా ఆ తలుపు వెనక్కి చేరతాడు. ఇక ఇంట్లో మిగతావాళ్ళ అవసరాలన్నీ ఆయన దయ మీద ఆధారపడి ఉంటాయి. "మామయ్యా" అని పిలిస్తే లోపలినుంచి "ఆఁ" అని వినిపిస్తుంది. ఆ "ఆఁ"కి వస్తున్నానని అర్థం కాదు, విన్నానని మాత్రమే.

రెండో ఫిర్యాదు బ్రష్షు. అద్దం కింద అరలో, పళ్ళు తోముకునే బ్రష్షులున్న గ్లాసులోనే ఆయన ఇంకో బ్రష్షు పెడతాడు. పొడుగాటి పిడి, మెత్తటి కుచ్చు. ఇదేమిటి నాన్నా అని కూతురు అడిగితే గడ్డం గీసుకునేదన్నాడు. ఆయనకు ఛాతీ దాకా గడ్డం ఉంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ గుర్తుచేయలేదు. రెండు గదుల ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కలిసి బతకాలంటే కొన్నిటిని చూడకుండా ఉండడం నేర్చుకోవాలి.

మూడోది, అల్లుడి బ్రష్షుకు ఆయన ఇచ్చే మర్యాద. అల్లుడి పనిబ్రష్షు, అరచేయంత వెడల్పుది, బాత్రూము తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. "నా తువ్వాలు దాని పక్కన తగిలించకే" అన్నాడు మామయ్య కూతురితో, అల్లుడికి వినపడేలా. "అది బ్రష్షు కాదు, చీపురు."

ఆ ఉదయం అల్లుడు భుజాన తువ్వాలు, చేతిలో సబ్బు పెట్టుకుని తలుపు బయట ఒక కాలు మార్చి ఒక కాలి మీద నిలబడ్డాడు. లోపల నీళ్ళ చప్పుడు ఆగడం, మళ్ళీ మొదలవడం, దేన్నో అరచేతిలో రుద్దుతున్నట్టు మెత్తని శబ్దం. ఎప్పటికన్నా చాలాసేపు పట్టింది. ఎట్టకేలకు తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చిన మనిషి కాళ్ళకు చెప్పులు లేవు, ఒంటిమీద నడక చొక్కా లేదు.

"ఇవాళ నడకకి వెళ్ళలేదా మామయ్యా?"

"లేదు. అయిపోయింది."

"ఏం అయిపోయింది?"

"నడక."

మామయ్య పక్కకు తప్పుకోలేదు. గుమ్మంలోనే నిలబడి అల్లుడి ముఖం వైపు, ఆ తరువాత తలుపు వెనక మేకు వైపు చూశాడు. ఏదో అనబోయేవాడిలా గడ్డం సవరించుకున్నాడు. "అల్లుడూ..."

"చెప్పండి."

"నీళ్ళు వేడిగానే ఉన్నాయి. వెళ్ళు."

అల్లుడు వెళ్ళాడు. ఆ ముసలాయన ఏం చెప్పబోయాడా అని ఒక చెంబు నీళ్ళు పోసుకునేంతసేపు ఆలోచించి, సబ్బు కళ్ళలో పడేసరికి మర్చిపోయాడు.

పనిలో అతన్ని బూడిదన్న అంటారు. నగర కార్యాలయంలో గోడలు శుభ్రం చేసే జట్టు ఒకటుంది. శుభ్రం చేయడమంటే కడగడం కాదు, గోడమీద ఎవరైనా బొమ్మ వేస్తే దాని మీద బూడిదరంగు పూయడం. ఆ రంగు కొట్లో కొన్నది కాదు. గోదాములో మిగిలిపోయిన డబ్బాలన్నీ, పార్కు కంచె ఆకుపచ్చ, బడి తలుపుల నీలం, ఆసుపత్రి తెలుపు, ఒకే పీపాలో పోసి కర్రతో తిప్పితే వచ్చేది. అందుకని ఒక వారం బూడిద పచ్చగా, ఒక వారం నీలంగా, ఒక్కోసారి ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు ఉంటుంది. అతను పూసిన చదరాలు నగరమంతా ఉన్నాయి. చొక్కాకు వేసిన మాసికల్లా, ఏ రెండూ కలవవు.

పెళ్ళికి ముందు అతను ఇళ్ళకు సున్నం వేసేవాడు. మామయ్య అప్పట్లో దుకాణాల బోర్డులు రాసేవాడు. ఆయన చేతి అక్షరాలు కింద వాలే నీడతో సహా లేచి నిలబడేవి. పిల్లనివ్వమని అడగడానికి వెళ్ళినరోజు ఆయన నిచ్చెన దిగకుండానే మాట్లాడాడు. "నేను రాసింది జనం తలెత్తి చదువుతారు. నువ్వు పూసింది ఎవడు చూస్తాడయ్యా?" కూతురు మొండికేసి కూర్చోబట్టి పెళ్ళయితే అయింది గానీ ఆ మాట మాత్రం అల్లుడి లోపల ఎక్కడో చెప్పులో రాయిలా ఉండిపోయింది. తరువాత ప్లాస్టిక్ బోర్డులు వచ్చాయి, ఆయన నిచ్చెన దిగాడు. అత్తయ్య పోయాక కూతురి ఇంటికి వచ్చాడు, ఒక పెట్టెతో, ఒక గడ్డంతో.

అల్లుడికి వేరే పేటలోకి పని బదిలీ అయ్యాక మొదటి కుర్చీ బస్టాపు గోడమీద కనిపించింది. అచ్చం నిజం కుర్చీ. గోధుమరంగు, నాలుగు కాళ్ళు, అల్లిన సీటు, నేలమీద నీడ. సంచులు మోసుకొచ్చిన ఒకాయన దానిమీద కూర్చోబోయి గోడకు వీపు రాసుకుంటూ కిందికి జారాడు. అల్లుడు నవ్వాడు. నవ్వుతూనే నీడ దగ్గర ఆగిపోయాడు. నీడ ఎడమవైపుకు వాలి, చివర సన్నగా సాగి, కొసన చిన్న మెలిక తిరిగింది. అలాంటి నీడ వేసే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే. ఆ చెయ్యి రోజూ తన ఎదుట కూర్చుని కూర కలుపుకుంటుంది.

గోడమీద బొమ్మ వేసినవాణ్ణి పట్టివ్వాలని అతని ఉద్యోగంలో లేదు. చెరిపితే చాలు. చెరిపాడు. కానీ ఎలా చెరిపాడో అతనికే తెలుసు. కాళ్ళ నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి పోయాడు. 'ఇప్పుడు నువ్వు వేసింది ఎవడు చూస్తాడు మామయ్యా' అనుకున్నాడు. ఆ రాత్రి రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.

తను ఏ పేటలో పనిచేస్తున్నాడో ఇంట్లో చెప్పలేదు. మామయ్య పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నాడో మామయ్యా చెప్పలేదు. కుర్చీలు వస్తూనే ఉన్నాయి, మందులషాపు సందులో, ఎత్తు ఎక్కే మలుపులో, పాత సినిమాహాలు ప్రహరీకి. ఇతను చెరుపుతూనే ఉన్నాడు. ఆయన కోపం మాత్రం భోజనాల దగ్గర బయటపడేది.

"ఊళ్ళో ఎవడో గోడలకి బూడిద పూస్తున్నాడమ్మా" అనేవాడు మామయ్య కూతురితో, పళ్ళెంలోకి చూస్తూ. "పూస్తే పూశాడు. అంచు చూడు, పాము పాకినట్టు. వాడి చెయ్యికి నిలకడ లేదు."

అల్లుడు తలొంచుకుని తినేసి లేచేవాడు. మర్నాడు కాగితం పట్టీ అంటించి, దాని వెంబడే చెయ్యి కదలకుండా పూసేవాడు. కొన్నాళ్ళకు మామయ్య నీళ్ళు తాగుతూ అన్నాడు: "ఆ బూడిదవాడు ఈమధ్య కాస్త నయం. కింద మూల మాత్రం ఇంకా మొద్దుగా ఉంది." అల్లుడు కింద మూల కూడా సరిచేసుకున్నాడు. జీతం ఇచ్చేవాళ్ళు ఒక్కరోజు చూడని అంచును ఒక్క మనిషి చూస్తున్నాడని అతనికి లోలోపల సంబరంగానే ఉండేది. ఆ సంబరం కోసమైనా మానేయలేకపోయాడు.

మామయ్య నడకకు వెళ్ళని ఆ రోజు ఎండ ఎక్కకముందే జట్టు మేస్త్రీ పని చెప్పాడు. "ఎత్తు మీద క్లినిక్ ఉంది చూడు, దాని గేటు పక్కన మళ్ళీ వేశాడు. ఈసారి పెద్దది. డాక్టరు ఫోను మీద ఫోను. వెళ్ళి చూడు బూడిదా, నేను టీ తాగి వస్తాను." మేస్త్రీ టీ అంటే రెండు టీలు, మధ్యలో ఒక రాజకీయం.

అల్లుడు బక్కెట్టు బండి తోసుకుంటూ బస్టాపు దాకా వచ్చేసరికి అక్కడ గొడుగుపిల్ల నిలబడి ఉంది. ఎండా వానా లేకపోయినా పసుపురంగు గొడుగు పైకెత్తి పట్టుకుని, గోడబొమ్మలు చూడవచ్చే మనుషుల్ని వీధివీధీ తిప్పుతుంది. అదే ఆమె ఉద్యోగం. ఆమె చూపించేవాటిని చెరపడం ఇతని ఉద్యోగం. ఒకే పొలం మీద ఆధారపడ్డ రైతూ మిడతా లాంటి ఈ ఇద్దరికీ మంచి స్నేహం.

"అన్నా, ఎక్కడికి?" అంది.

"ఎత్తు మీదికి. క్లినిక్ దగ్గరికి."

"మేమూ అక్కడికే. ముందు మమ్మల్ని చూడనివ్వన్నా, పుణ్యం ఉంటుంది. ఉన్నది అదొక్కటే. మిగతావన్నీ తమరి చలవ."

"చూడండమ్మా. నేను నెమ్మదిగానే వస్తాను."

అలా ముందు పసుపు గొడుగు, దాని వెనక కెమెరాలు మెడలో వేసుకున్న గుంపు, అందరికన్నా వెనక బూడిదరంగు బక్కెట్టు బయల్దేరాయి. గొడుగుపిల్ల ఆగినచోటల్లా అతనూ ఆగాల్సివచ్చింది. ఆగినచోటల్లా అతను పూసిన చదరమే ఉంది.

"ఇక్కడ ఒక కుర్చీ ఉండేది" అంటుంది ఆమె, ఖాళీ బూడిద వైపు గొడుగు చూపిస్తూ. గుంపు శ్రద్ధగా చూస్తుంది. ఒకాయన దగ్గరికి వెళ్ళి ఫోటో కూడా తీశాడు. "అంచు ఎంత నీటుగా ఉందో" అన్నాడు. అంతమంది ఆ ఖాళీకేసి చూస్తూ ఉండకపోతే ఆ మాట అల్లుడు ఇంటికి తీసుకెళ్ళి దాచుకునేవాడు.

గుంపులో బాగా లావుపాటి పెద్దావిడ ఒకరున్నారు. ఎత్తు మొదలయ్యాక ఆవిడ వెనకబడింది. మలుపు దగ్గర ఇక నావల్ల కాదన్నట్టు నిలబడి, ఊతం కోసం గోడకు చెయ్యి ఆనించింది. సరిగ్గా అతను పూసిన చదరం మీద. రెండో చేత్తో మోకాలు పట్టుకుంది.

"ఇక్కడ నిజంగానే ఒక కుర్చీ ఉంటే ఎంత బాగుండేది నాయనా" అంది అతనితో, ఆయాసపడుతూ.

అల్లుడి చేతులు బండిమీదే ఉండిపోయాయి.

ఇదే మలుపు. ఇలాగే గోడకు చెయ్యి ఆనించి, ఇలాగే మోకాలు పట్టుకుని నిలబడేది అత్తయ్య. అత్తయ్య వాళ్ళ పాత ఇల్లు బస్టాపు వెనక సందులోనే. మోకాళ్ళ నొప్పులకని, తరువాత గుండెకని, ఆవిడ ఈ ఎత్తు మీది క్లినిక్‌కి నడిచి వెళ్ళేది. ఎక్స్‌రే కవరు పట్టుకుని అల్లుడు కూడా ఒకసారి వెంట వచ్చాడు. బస్టాపు దగ్గర ఆగింది. మందులషాపు సందులో ఆగింది. ఈ మలుపులో ఆగింది. "కాసేపు కూర్చుంటానండీ" అంది భర్తతో. ఆయన సంచీ పట్టుకుని నాలుగు అడుగులు ముందున్నాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "ఎక్కడ కూర్చుంటావు, నా నెత్తి మీదా? కూర్చుంటే మళ్ళీ లేవవు. నడు." అత్తయ్య అల్లుడి వైపు చూసి, మీ మామయ్య సంగతి తెలిసిందేగా అన్నట్టు చిన్నగా నవ్వి, నడిచింది. ఆవిడ సినిమాహాలు ప్రహరీ దగ్గర మళ్ళీ ఆగేదాకా అల్లుడూ కవరు పట్టుకుని నడిచాడు. కవరు కింద పెట్టి ఒక చెయ్యి అందివ్వచ్చని అతనికీ తోచలేదు.

బస్టాపు. మందులషాపు సందు. మలుపు. సినిమాహాలు ప్రహరీ. ఆవిడ ఆగిన ప్రతిచోటా ఆయన ఒక కుర్చీ వేస్తూ వచ్చాడు. ఇతను ఒక్కొక్కటే లాగేస్తూ వచ్చాడు, కాళ్ళ నుంచి మొదలుపెట్టి.

"బండిమీద కూర్చోండమ్మా" అన్నాడు అల్లుడు పెద్దావిడతో. బక్కెట్టు చేతిలోకి తీసుకుని, గోనెపట్టా రెండు మడతలు వేసి పరిచాడు. ఆవిడ మొహమాటపడుతూ కూర్చుంది. మిగిలిన ఎత్తంతా అతను ఆవిణ్ణి తోసుకుంటూ వెళ్ళాడు. బక్కెట్టు చేతిని లాగేస్తున్నా ఎక్కడా దించలేదు.

క్లినిక్ గేటు పక్కన గుంపు అప్పటికే నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ గోడమీద ఒక్క కుర్చీయే ఉండేది. ఇక్కడ రెండున్నాయి, పక్కపక్కన, చేతులు తగిలేంత దగ్గరగా. ఒకదాని వీపుకు గుడ్డసంచీ తగిలించి ఉంది. మామయ్య మోసిన సంచీ, అత్తయ్య కుట్టింది, చారలు కూడా తప్పలేదు. రెండో కుర్చీ కింద ఆడవాళ్ళ చెప్పులు విడిచి ఉన్నాయి. రెండు నీడలూ ఎడమవైపుకు వాలి, చివర ఒకదాన్నొకటి కలుసుకున్నాయి.

"ఊళ్ళో కూర్చోడానికి బల్లలు లేవని ఈ చిత్రకారుడి నిరసన" అని చెబుతోంది గొడుగుపిల్ల.

అల్లుడు బక్కెట్టు కింద పెట్టాడు.

గుంపు దిగి వెళ్ళిపోయాక మేస్త్రీ వచ్చాడు. అల్లుడు గేటు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బ్రష్షు పొడిగా ఉంది.

"ఏరా, ఇంకా మొదలుపెట్టలేదా?"

"రంగు అయిపోయింది మేస్త్రీ."

మేస్త్రీ వంగి బక్కెట్టులోకి చూశాడు. బక్కెట్టు అంచుదాకా నిండుగా ఉంది. అల్లుడి ముఖం చూశాడు. గోడమీది కుర్చీలు చూశాడు. మళ్ళీ బక్కెట్టు చూశాడు.

"అవును, అయిపోయినట్టే ఉంది" అన్నాడు చివరికి. "డాక్టరుకి నేను చెబుతాలే. రేపటికి మాత్రం నా చేతిలో లేదు, చెబుతున్నా."

"ఈ ఒక్కరోజు చాలు."

ఒక్కరోజు ఎందుకో అతనికి తెలుసు. ఈ సాయంత్రం చెప్పేయాలి. మామయ్యను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, ఇది నేను ముట్టుకోలేదు చూడండి అని ఇక్కడ నిలబెట్టి, మిగతావి మాత్రం నేనేనని చెప్పాలి. తిడితే తిట్టనీ. ఇంటిదారంతా ఆ మాటలే కూడబలుక్కున్నాడు. ముందు 'మామయ్యా' అనాలి. ఆ తరువాతి మాట ఎప్పటికప్పుడు మారిపోతోంది. ఉద్యోగం కాబట్టి చెరిపానంటే అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. ఆ రాత్రి రెండోసారి వడ్డించుకున్న సంగతి కూడా చెబితేనే నిజం.

అతను వచ్చేసరికి భార్య పెరట్లో తీగమీది బట్టలు తీస్తోంది. మామయ్య ముందుగదిలో మంచంమీద గోడవైపు తల తిప్పుకుని పడుకుని ఉన్నాడు.

"మీ నాన్న ఇప్పుడు పడుకున్నారేంటి?"

"నడుం వాలుస్తానని మధ్యాహ్నం పడుకున్నారు. పొద్దంతా బాత్రూములో ఆ బ్రష్షు కడగడమే సరిపోయింది. తలనూనె సీసా సగం దానికే పట్టించారు." ఆవిడ ఒక చొక్కా మడతపెట్టింది. "మీరేంటి పెందలాడే వచ్చారు?"

"మామయ్యతో ఒక మాట చెప్పాలి."

"కుర్చీల సంగతా?"

అల్లుడు కొయ్యబారిపోయాడు.

"అలా చూస్తారేం. మీ ఇద్దరి చొక్కాలూ ఉతికేదాన్ని నేను. ఒక చొక్కాకి గోధుమరంగు, ఒకదానికి బూడిదరంగు. ఏరోజుకారోజు జతగా. కిరసనాయిలు రాసి రాసి నా చేతులు ఎలా అయ్యాయో చూడండి." ఆవిడ చేతులు చాపి, మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది. "ఆయనకీ తెలుసు. అంచు చూసి పోల్చారట. మా అల్లుడి చెయ్యి కుదిరిందే అన్నారు మొన్న నాతో."

"తెలిసీ... మరి నాతో అనలేదే?"

"అడగండి నాన్నా అంటే, వాడు నోరు విప్పితే నేనూ విప్పుతాను అన్నారు. మీరిద్దరూ ఆడుకుంటున్నారు కదా అని నేనూ ఊరుకున్నాను." తీగమీది ఇంకో చొక్కా లాగి, "ఊరుకోవాల్సింది కాదేమో" అంది. "వెళ్ళి లేపండి. టీ పెట్టాను."

అతను టీ గ్లాసు తీసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. మంచం పక్కన పీట లాక్కుని కూర్చున్నాడు. మామయ్య గడ్డం దుప్పటి పైన పరుచుకుని ఉంది. తలదగ్గర గ్లాసులో నీళ్ళు తాగకుండా ఉన్నాయి.

"మామయ్యా."

"ఆఁ" అన్న మాట రాలేదు. ఎంతటి నిద్రలోనైనా, ఏ తలుపు వెనకనుంచైనా వచ్చే మాట అది.

అల్లుడు పాదం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యలేదు. అరికాలు చల్లగా, బరువుగా ఉంది. బొటనవేలి గోరు పక్కన గోధుమరంగు ఇంకా పూర్తిగా పోలేదు.

"లేచారా?" అని భార్య వంటింట్లోంచి అడిగింది.

అతను టీ గ్లాసు నేలమీద పెట్టాడు, చిందకుండా, జాగ్రత్తగా. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"చెరిపింది నేనే మామయ్యా" అన్నాడు పైకి. "అవి ఎవరికోసమో అప్పుడు తెలీదు, నిజంగా తెలీదు. కానీ మీవని తెలుసు. తెలిసే చెరిపాను. ఉద్యోగమని కాదు. మీరు నిచ్చెన మీదనుంచి అన్న మాటకి చెరిపాను. తప్పు చేశాను. తప్పు నాదే."

భార్య చేతిలో మడతపెట్టిన చొక్కాలతో గుమ్మంలోకి వచ్చి, మొదట అతని ముఖం చూసి, ఆ తరువాత మంచం చూసింది. చొక్కాలు ఆవిడ చేతుల్లోంచి జారలేదు. వాటినే గుండెలకు హత్తుకుని అక్కడే గోడవారగా నేలమీద కూర్చుండిపోయింది.

ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో తడిగుడ్డ అడిగారు. అల్లుడు బాత్రూములోకి వెళ్ళాడు. ఇంకా భుజానికి తగిలించుకునే ఉన్న పనిబ్రష్షు అప్పుడు గుర్తొచ్చి, అలవాటు కొద్దీ తలుపు మూసి దాని వెనక మేకు కోసం తడుముకున్నాడు.

మేకు ఖాళీగా లేదు. రంగు జాడ లేకుండా కడిగి, కుచ్చును నూనె రాసి కొనదేల్చి, వెంట్రుకలు చెదరకుండా దారం చుట్టిన మామయ్య పొడుగుపిడి బ్రష్షు దానికి వేలాడుతోంది. చుట్టిన దారం చివర ముడి వదులుగా ఉంది, ఒక్క వేలితో విప్పుకునేలా.